మన పిల్లల మనస్సుకు ఫోను ద్వారా మాటల చికిత్స

(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠము)



మీ సంఘం ప్రతి యేటా పిల్లలకు స్కాలర్‌షిప్పులు, వితంతువులకు కుట్టుమిషన్లు, వృద్ధులకు కంటి శిబిరాలు ఏర్పాటు చేస్తున్న సంగతి అందరికీ తెలిసిందే. ఈ యేడు మనస్సు జబ్బుల మీద మాట్లాడమని మమ్మల్ని పిలిచారు. అందుకు కృతజ్ఞులము. కంటి జబ్బు గురించి చెబుతామంటే అందరూ ముందు వరుసకు వస్తారు. మనస్సు జబ్బు అనగానే "మా యింట్లో అలాటి వాళ్ళెవరూ లేరండీ" అని రెండు వరుసలు వెనక్కు జరుగుతారు. ఇవాళ ఎవరూ జరగలేదు. అదే మాకు ధైర్యం.

మేము ముగ్గురం. ఒకరు మానసిక వైద్యులు, ఇద్దరు కౌన్సిలర్లు. పట్నంలో కూర్చొని, దూరపు వూళ్ళలోని పిల్లలతో ఫోనులోనూ వీడియోలోనూ మాట్లాడుతూ చికిత్స చేస్తూ వుంటాము. ముఖ్యంగా, పెద్ద జబ్బు యింకా రాకముందే దాని సూచనలు కనబడుతున్న యువకులతో మా పని. ఫోనులో వైద్యమేమిటి అని మీకు అనుమానం రావచ్చు. మాకూ వచ్చింది. అందుకే ఒక కుటుంబం సంగతి చెప్పి మొదలుపెడతాము. వారి అనుమతితోనే చెబుతున్నాము. ఎవరూ గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాము.

అబ్బాయికి 19 ఏళ్ళు. డిగ్రీ మొదటి సంవత్సరం. తండ్రి కువైట్‌లో డ్రైవరు. ఇంట్లో తల్లి, నానీ, పెళ్ళి కావలసిన అక్క. చురుకైన కుర్రవాడు, సాయంత్రమైతే బ్యాటు పట్టుకొని బయటకు పోయేవాడు. అలాంటివాడు మెల్లగా స్నేహితుల్ని మానేశాడు. రాత్రంతా మేలుకొని తెల్లవారేక పడుకొనేవాడు. క్లాసులోకి అడుగు పెట్టగానే అందరూ తనను చూసే నవ్వుతున్నారన్నాడు. ఫ్యాను శబ్దంలో మాటలు వినిపిస్తున్నాయని ఎండాకాలంలో కూడ ఫ్యాను ఆపేసేవాడు. ఒకటి రెండుసార్లు మేడమీద ఎవరూ లేకపోయినా తన పేరు పెట్టి పిలిచినట్లయిందట. అది నిజమా, తన మనస్సు చేస్తున్న పనా అని అతనికే అనుమానం. ఆ అనుమానం మిగిలి వుండడం చాలా ముఖ్యమైన సంగతి. దాని గురించి తరువాత చెబుతాము.

ఇంట్లోవాళ్ళు ఏం చేశారు? నానీ దిష్టి అన్నది. తల్లి తావీజు కట్టించింది. మామూ సెల్‌ఫోను లాక్కోమన్నాడు. పక్కింటివారు పెళ్ళి చేస్తే కుదురుకుంటాడన్నారు. తండ్రికి మాత్రం ఎవరూ చెప్పలేదు. దూరాన వున్న మనిషి, కంగారు పడతాడని. ఆసుపత్రికి పోలేదు. అక్కకు సంబంధాలు చూస్తున్నారు, మనస్సు జబ్బుల ఆసుపత్రి గేటు దగ్గర ఎవరైనా చూస్తే? ఇలా ఎనిమిది నెలలు గడిచాయి. చివరకు ఆ అక్కే, ఎవరి పెళ్ళి కోసం అందరూ దాస్తున్నారో ఆ పిల్లే, మాకు ఫోను చేసింది.

ఇందులో ఎవరిదీ దుర్మార్గం లేదు. అందరిదీ ప్రేమే. కాని ఎనిమిది నెలల కాలం పోయింది. మనం ఇవాళ మాట్లాడుకోవలసింది ఆ కాలాన్ని గురించి.

సైకోసిస్ అనే మాట మీలో కొందరు వినే వుంటారు. ఏది వాస్తవమో ఏది భ్రమో మనిషికి తెలియకుండా పోయే స్థితి అది. లేని మాటలు వినబడతాయి. ఎవరో తనకు కీడు తలపెట్టారని గట్టి నమ్మకం కలుగుతుంది. ఎక్కువగా యువ వయస్సులోనే మొదలవుతుంది. అయితే తెల్లవారేసరికి వచ్చిపడే జబ్బు కాదిది. చాలామందికి వారాలో నెలలో ముందుగానే సూచనలు కనబడతాయి: నిద్ర తారుమారవడం, చదువు దిగజారడం, ఒంటరితనం, అనుమానం, స్నానం బట్టల మీద శ్రద్ధ పోవడం, మాటకు మాటకు పొంతన తప్పడం, మామూలు శబ్దాలు కూడ భరించలేకపోవడం. ఆ దశలో పిల్లవాడికి "ఇది నిజమేనా?" అన్న ప్రశ్న యింకా మిగిలి వుంటుంది. మేము పట్టుకోవలసిన కొస అదే.

ఈ ముందు దశను పట్టుకోవచ్చునని చెప్పి, దానికోసం ప్రత్యేకంగా క్లినిక్కు నడిపిన వారిలో ఆస్ట్రేలియా డాక్టర్లు ప్రథములు. మెల్‌బోర్న్ నగరంలో ప్యాట్రిక్ మెక్‌గోరీ, ఆలిసన్ యంగ్ మొదలైనవారు 1994లో పేస్ అనే క్లినిక్కు పెట్టారు. తరువాత యితర దేశాలలోనూ అలాంటివి వచ్చాయి. వాటి పరిశోధనలన్నీ కలిపి చూస్తే తేలినదేమంటే, ఇటువంటి సూచనలతో క్లినిక్కుకు వచ్చినవారిలో మూడేళ్ళ లోపల పూర్తి జబ్బులోకి వెళ్ళేవారు సుమారు నలుగురిలో ఒకరు. మిగిలిన ముగ్గురు వెళ్ళరు.

తల్లులారా, ఈ లెక్కను రెండు వైపులనుంచీ చూడండి. నలుగురిలో ఒకరు అంటే చిన్న ప్రమాదం కాదు, ఊరుకోవడానికి వీల్లేదు. ముగ్గురు వెళ్ళరు అంటే, పిల్లవాడి నొసట పిచ్చి అని ముద్ర వేయడానికీ వీల్లేదు. ఆ కారణంచేతనే, రాబోయే జబ్బును ఆపుదామని ఈ దశలో సైకోసిస్ మందులు మొదలుపెట్టవద్దని, మాటల చికిత్స యివ్వమని బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2014లో డాక్టర్లకు సూచించింది. దిగులుకో, నిద్రలేమికో వేరే వైద్యం అవసరమైతే అది డాక్టరు చూసి నిర్ణయిస్తారు.

మాటల చికిత్స అంటే నీతులు చెప్పడం కాదు. "అదంతా నీ భ్రమ, మరచిపో" అనడం అసలే కాదు. అలా అన్నవారిని పిల్లలు మళ్ళీ నమ్మరు. మేము చేసేదేమిటో ఆ అబ్బాయి సంగతిలోనే చెబుతాము. క్లాసులో అందరూ నన్ను చూసి నవ్వుతున్నారన్నాడు గదా. "ఎంతవరకు నమ్మకం? నూటికి ఎన్ని మార్కులు వేస్తావు?" అని అడిగాము. 80 అన్నాడు. "వాళ్ళు నవ్వడానికి యింకేమైనా కారణాలు వుండవచ్చా?" అన్నాము. నోటుబుక్కులో రాసుకొన్నాడు. ఎవరో జోకు చెప్పి వుండవచ్చు, లెక్చరరును అనుకరించి వుండవచ్చు, ఫోనులో ఏదో చూసి వుండవచ్చు. "సరే, ఈ వారం ముందుగా వెళ్ళి చివరి బెంచీలో కూర్చో. వేరేవాళ్ళు లోపలకు వచ్చినప్పుడు కూడ నవ్వులున్నాయా లేదా లెక్కపెట్టు" అన్నాము. వారం తరువాత ఫోనులో తనే చెప్పాడు, "ఎవరొచ్చినా నవ్వుతున్నారు సార్." మార్కులు 80 నుంచి 50కి దిగాయి. మేము ఆ 50 దగ్గరే ఆగాము. తొందరపడలేదు. దీనితోపాటు నిద్రవేళలు సరిచేయడం, వారానికి ఒక స్నేహితుణ్ణయినా కలవడం, యింట్లోవారితో కలిసి మాట్లాడడం, యివన్నీ చికిత్సలో భాగమే.

ఈ పద్ధతిని బ్రిటన్‌లో మాంచెస్టర్ వైపు డాక్టర్లు 2004లో ఒక చిన్న పరిశోధనగా ప్రచురించారు. తరువాత 2012లో 288 మందితో పెద్ద పరిశోధన ఫలితాలు వచ్చాయి. ఉన్నదున్నట్లు చెప్పాలి. మాటల చికిత్స పొందినవారిలో లక్షణాల తీవ్రత తగ్గింది. కాని పూర్తి జబ్బులోకి వెళ్ళినవారి సంఖ్యలో రెండు వర్గాలకూ గట్టి తేడా కనబడలేదు. రెండు వర్గాలలో కలిపి వెళ్ళినవారు 23 మందే, అనుకొన్నదానికన్న చాలా తక్కువ. చికిత్స లేని వర్గాన్ని కూడ వదిలిపెట్టలేదు, క్రమం తప్పకుండా పలకరించి పరీక్షిస్తూ వచ్చారు. ఎవరో ఒకరు విడవకుండా కనిపెట్టి వుండడమే సగం మేలు చేసి వుంటుందని మా నమ్మకం. ఆ పని ఫోనుతో కూడ చేయవచ్చు.

ఇక ఫోను సంగతికి వద్దాము. దూరాన్నుంచి మనస్సు వైద్యం అన్నది మన దక్షిణదేశానికి కొత్త కాదు. మద్రాసులో డాక్టర్ శారదా మేనన్ గారు 1984లో స్థాపించిన స్కార్ఫ్ సంస్థవారు 2010లో పుదుక్కోట జిల్లాలో ఒక బస్సు నడిపారు. బస్సులోనే తెర, కెమెరా. పల్లెలోని రోగి బస్సెక్కి కూర్చుంటే మద్రాసులోని డాక్టరు తెరమీద చూసి మాట్లాడేవారు. మందులు ఆ బస్సులోనే యిచ్చేవారు. 2020లో కరోనా వచ్చి దారులన్నీ మూతపడినప్పుడు, మార్చి 25న కేంద్ర ప్రభుత్వం ఫోను, వీడియో వైద్యానికి నిబంధనలు ప్రకటించింది. 2022 అక్టోబరు 10న, ప్రపంచ మానసిక ఆరోగ్య దినాన, టెలీ మానస్ మొదలైంది. నెంబరు 14416. ఖర్చు లేదు, రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులోనే మాట్లాడవచ్చు. ఉర్దూ మాట్లాడే పెద్దలకు ఉర్దూలో కూడ వీలున్నది. మొదట కౌన్సిలరు వింటారు, అవసరమైతే పై డాక్టరుకు అందిస్తారు. అయితే ఒక తేడా గమనించండి. ఆ నెంబరు మొదటి తలుపు. వారం వారం అదే మనిషితో నెలల తరబడి జరిగే చికిత్స వేరు. ఆ తలుపు తట్టి, అక్కణ్ణుంచి దారి అడగాలి.

ఫోను మేలు ఏమిటంటే, గేటు దగ్గర ఎవరు చూస్తారన్న భయం లేదు. బస్సుచార్జీలు లేవు, ఒకరోజు కూలి పోదు. ఆడపిల్లను ఒంటరిగా పట్నం పంపనక్కర లేదు. కువైట్‌లోని తండ్రిని కూడ కలుపుకోవచ్చు. ఆ అబ్బాయి తండ్రిని అలాగే కలిపాము. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత "ఎనిమిది నెలలు నాకెందుకు చెప్పలేదు?" అని ఒక్క మాట అన్నాడు. ఆ తరువాత ప్రతి శుక్రవారం కొడుకుతో తనే మాట్లాడడం మొదలుపెట్టాడు. జబ్బు గురించి కాదు, బండి గురించి, క్రికెట్ గురించి. మా చికిత్సకు అది పెద్ద తోడు.

కాని ఫోనులో కష్టాలు కూడ వున్నాయి. మేము తప్పులు చేసే నేర్చుకొన్నాము.

మొదటి కష్టం అనుమానం. ఎవరో తనను కనిపెడుతున్నారని భయపడే పిల్లవాడి ముందు కెమెరా పెడితే ఏమవుతుంది? మూడోసారి మాట్లాడినప్పుడు ఆ అబ్బాయి అడిగాడు, "మీరు రికార్డు చేస్తున్నారా? మీ వెనకాల యింకెవరున్నారు?" అప్పటిదాకా ఆ మాట మేమే ముందు చెప్పాలని మాకు తోచలేదు. అది మా పొరపాటే. ఇప్పుడు మొదటిరోజే మా గది నాలుగు మూలలా కెమెరా తిప్పి చూపిస్తాము. రికార్డు చేయడం లేదని చెబుతాము. వీడియో యిష్టం లేకపోతే వట్టి మాటే చాలునంటాము. మౌనంగా వున్నా తొందరపెట్టము. ఫోను తెగిపోతే మేమే మళ్ళీ చేస్తామని ముందే చెబుతాము. లేకపోతే తనమీద కోపంతో పెట్టేశామనుకొంటారు.

రెండో కష్టం ప్రమాదం. ఎదురుగా వున్న మనిషికి ప్రాణం మీదికి వస్తే చెయ్యి పట్టుకోగలం. ఫోనులో పట్టుకోలేము. అందుచేత ప్రతిసారీ మొదటి ప్రశ్న "ఇప్పుడు ఎక్కడున్నావు?" అనే. ఇంట్లో ఒకరి నెంబరు, దగ్గరి ఆసుపత్రి వివరం ముందే రాసుకొంటాము. చనిపోవాలన్న మాట వచ్చినా, ఎవరినైనా కొట్టమని లోపలి గొంతు చెబుతున్నదన్నా, తిండీ నిద్రా పూర్తిగా మానేసినా, భ్రమను నిజమేనని గట్టిగా నమ్మి కదలడం మొదలుపెట్టినా, యిక ఫోను చాలదు. ఆరోజే డాక్టరు ఎదుటికి తీసుకుపోవాలి. కొన్ని మందులు ఫోనులో రాయడానికి నిబంధనలు ఒప్పుకోవు కూడ.

మూడో కష్టం అన్నిటికన్న పెద్దది. అది నెట్‌వర్కు కాదు, తలుపు.

మన యిళ్ళు రెండు గదుల యిళ్ళు. ఫోనులో పిల్లవాడు మాట్లాడుతుంటే పక్కన తల్లి కూర్చుంటుంది. మేము అడిగినదానికి తల్లే జవాబు చెబుతుంది. నానీ మంచం మీదనుంచి "మంచిగా చెప్పు బేటా" అంటుంది. గోడకవతల చిన్నాన్నగారి యిల్లు. ఆ అబ్బాయి మొదటి రెండుసార్లు "ఊఁ, ఊఁ" అనడం తప్ప మాట్లాడలేదు. నాలుగోసారి అక్క ఫోను చేతికిచ్చి మేడమీదకు పంపి, మెట్ల తలుపు దగ్గరకు వేసి, తను కింది మెట్టు మీద కూర్చున్నది. ఎవర్నీ పైకి పోనివ్వలేదు. ఆరోజు 40 నిమిషాలు మాట్లాడాడు. ఎనిమిది నెలల మాటలు. మేము ఏం గొప్ప వైద్యం చేశామని కాదు, ఆ పిల్ల ఒక తలుపు మూసి కాపలా కాసింది.

మైనరు పిల్లలైతే పెద్దవారు తోడుండాలని నిబంధన వున్నది. అది న్యాయమే. అట్లాంటప్పుడు పెద్దవారు ముందు మాతో మాట్లాడి, తరువాత వరండాలో కూర్చుంటారు. పిలిస్తే పలికేటంత దగ్గర, మాటలు వినపడనంత దూరం. పిల్లలు మాకు చెప్పింది మేము మీకు చెప్పము. ప్రాణాపాయం వుంటే మాత్రం దాచము. ఈ సంగతి పిల్లలకూ మీకూ ఒకేసారి చెబుతాము.

ఇంకొక మాట వినయంగా మనవి చేస్తాము. పిల్లవాడికి అసర్ అయిందని దర్గాకు తీసుకుపోయేవారున్నారు. దువా చేయించడానికి మేము అడ్డు చెప్పము. దుఃఖంలో వున్న తల్లికి దువా వూరట. కాని 2001 ఆగస్టు 6న తమిళనాడులోని యేర్వాడిలో, దర్గా వున్న ఆ వూళ్ళోని ఒక ప్రైవేటు కేంద్రంలో మంటలు లేచినప్పుడు, గొలుసులతో కట్టివేయబడిన రోగులు 28 మంది ప్రాణాలు కోల్పోయారు. అది మరవరాదు. 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం ఏ రోగినీ గొలుసుతో కట్టరాదని శాసించింది. దువాకూ దవాకూ తగవు లేదని చూపినవారూ వున్నారు. గుజరాత్‌లో ఉనావా గ్రామంలోని మీరా దాతార్ దర్గా వద్ద 2008 నుంచి దువాకు వచ్చినవారిని ముజావర్లే డాక్టరు దగ్గరకు పంపే యేర్పాటు నడిచింది. మన పెద్దలు కూడ ఆ మాట చెబితే, మేము వందసార్లు చెప్పినదానికన్న ఎక్కువ పని జరుగుతుంది.

గంజాయి సంగతి కూడ చెప్పాలి. ఇప్పుడది వూళ్ళలోకి వచ్చేసింది. గంజాయి, అందులోనూ ఎక్కువ మోతాదు, రోజూ వాడకం సైకోసిస్ ప్రమాదాన్ని పెంచుతుంది. ముందే సూచనలున్న పిల్లలకు అది నిప్పుమీద కిరసనాయిలు. కొట్టి మాన్పించలేరు. ఎందుకు తాగుతున్నాడో అడగండి. నిద్రపట్టక, భయం పోవడానికి అంటాడు చాలామంది పిల్లవాడు. అక్కణ్ణుంచి మాట మొదలవుతుంది.

ఇప్పుడు సంఘంవారికి మా విన్నపం. మేము చందా అడగడం లేదు. సంఘ కార్యాలయం వెనుక పాత కుర్చీలు, షామియానాలు పెట్టే గది ఒకటి వుందని కార్యదర్శిగారు చెప్పారు. ఆ గది ఖాళీచేసి, ఒక కుర్చీ, ఒక బల్ల, లోపలనుంచి గడియ పడే తలుపు పెట్టించండి. ట్యూషనుకు వచ్చినట్లు పిల్లలు వచ్చి, ఒక గంట తలుపు వేసుకొని మాట్లాడుకొని వెళతారు. బయట నమ్మకస్తులైన పెద్ద ఒకరు కూర్చుంటే చాలు. ఆడపిల్లలు వచ్చే రోజున ఒక అక్కగారు కూర్చోవాలి. ఎవరు వచ్చారు, ఎందుకు వచ్చారు అని రిజిస్టరు పెట్టవద్దు. వచ్చే యేటి నివేదికలో "ఇంతమందికి సహాయం చేశాము" అని సంఖ్య రాసుకోండి, పేర్లు మాత్రం వద్దు.

ఆ అబ్బాయి యిప్పుడు రెండవ సంవత్సరం చదువుతున్నాడు. పూర్తిగా బాగైపోయాడని చెప్పము. నిద్ర చెడిన రోజున యిప్పటికీ ఎవరో పిలిచినట్లవుతుందట. అప్పుడు భయపడడు. నోటుబుక్కు తీస్తాడు, అక్కకు చెబుతాడు, ఆ రాత్రి పెందలాడే పడుకొంటాడు. ఫ్యాను వేసుకొనే పడుకొంటున్నాడని ఆ తల్లి మొన్న ఫోనులో చెప్పి ఏడ్చింది. మాకు అది చిన్న సంగతి కాదు.

ఈ సభలో యిలాంటి పిల్లవాడు వున్న తల్లి ఒకరైనా వుండవచ్చు. అమ్మా, మీరు లేచి చెప్పనక్కర లేదు. ఇంటికి వెళ్ళి 14416కు ఫోను చేయండి. ఆ తరువాత పిల్లవాడి చేతికి ఫోను యిచ్చి, మీరు ఐదడుగులు బయటకు వచ్చి, తలుపు దగ్గరకు వేయండి.